వార్నిష్ ఆరకముందే

"సంతకం పెట్టను," అన్నాడు మేస్త్రీ మూడోసారి.

మ్యూజియం ఆఫీసులో బల్ల మీద కాగితం ఉంది, దాని మీద పెన్ను. ఇన్‌స్పెక్టర్ ఆ పెన్నుని వేలితో మేస్త్రీ వైపు నెట్టాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి ఆయన మోచేతికి తగిలి ఆగింది. మేస్త్రీ దాన్ని ముట్టుకోలేదు.

"వైరింగ్ చేసింది నువ్వు. మంట పుట్టింది నీ వైర్ల పక్కన. లోపలికి ఎవరూ వెళ్ళలేదని చెబుతున్నదీ నువ్వే. మరి నేనేం రాసుకోవాలి? దయ్యం అంటించిందనా?"

"మీ ఇష్టం సార్, ఏమైనా రాసుకోండి. నా వైరు కాలిందని మాత్రం నా చేత్తో రాయను. నలభై ఎనిమిదేళ్ళుగా బళ్ళకి బాడీలు కడుతున్నాను. ఒక్క బండి కూడా నా తప్పు వల్ల వెనక్కి రాలేదు."

"నిప్పు ఎన్నింటికి?" అని గుమ్మంలోంచి ఒక ఆడగొంతు అడిగింది.

ఇన్‌స్పెక్టర్ తల తిప్పకుండానే నిట్టూర్చాడు. ఆ గొంతు అతనికి తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుగేళ్ళు ఆవిడ కిందే పనిచేశాడు. పోలీసు శాఖ వదిలేసి సొంతంగా కేసులు చూస్తున్న ఆ డిటెక్టివ్‌ని ఊళ్ళో అందరూ నిమిషాలమ్మ అంటారు. ఎవరైనా ఎదురుపడితే ముందు నిమిషాలు అడిగి, ఆ తర్వాతే మనిషిని అడుగుతుందని ఆ పేరు.

"పన్నెండు యాభైకి. మిమ్మల్ని ఎవరు పిలిచారు మేడమ్?"

"మ్యూజియం డైరెక్టర్. ఇప్పుడు రెండుంపావు. అంటే నిప్పు పుట్టి గంటా ఇరవై అయిదు నిమిషాలు. అప్పుడే సంతకాల దాకా వచ్చేశావా? నాకు తెలిసినప్పుడు నీకు ఇంత తొందర లేదే!"

ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. పక్కనే నిలబడ్డ డైరెక్టర్ మధ్యలోకి వచ్చాడు. నున్నగా దువ్విన జుట్టు, చెమటకి తడిసిన కాలరు. ఆయన గబగబా చెప్పినదంతా ఇదీ.

మ్యూజియం వెనకాల షెడ్డులో నిప్పంటుకున్నది అరవై ఏళ్ళ నాటి ఇల్లుబండికి. పాత లారీ చట్రం మీద కట్టిన కదిలే ఇల్లు. రెండు మడత పరుపులు, ఒక పొయ్యిగట్టు, చేతులు కడుక్కునే తొట్టి, గోడల నిండా అరలు, అన్నీ పదిహేనడుగుల గదిలో అమిరాయి. వాహనాల ఫ్యాక్టరీ పెట్టిన పెద్దాయన స్వయంగా గీసి కట్టించాడని చెప్పుకునే బండి. ముప్ఫై ఏళ్ళు ఎక్కడో గోడౌన్‌లో పడి ఉండి, చట్రం తుప్పుపట్టి, పైకప్పు కుళ్ళి ఇక్కడికొచ్చింది. ఏడు నెలలుగా మేస్త్రీ, పరుపులూ కర్టెన్లూ కుట్టే అక్కా కలిసి దానికి మళ్ళీ ప్రాణం పోశారు. ఇంకో మూడు రోజుల్లో ప్రదర్శన.

"మేస్త్రీ తప్పని తేలితే ఆయన్ని తీసేయాలి. బండిని ప్రదర్శనలో పెట్టనివ్వరు. నిజం ఏదో మూడు రోజుల్లో తేలాలమ్మా," అన్నాడు డైరెక్టర్.

"మూడు రోజులెందుకు? వార్నిష్ ఆరేలోపు తేల్చుకుందాం. మేస్త్రీ గారూ, నేలకి వార్నిష్ ఎన్నింటికి పూర్తిచేశారు?"

మేస్త్రీ మొదటిసారి తల ఎత్తాడు. "పదకొండుంపావుకి. ముందు గోడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ, వెనక తలుపులోంచి దిగిపోయాను. ఆరడానికి నాలుగ్గంటలు. మూడుంపావు దాకా అందులో చీమ నడిచినా అడుగులు కనబడతాయి."

"పన్నెండున్నరకి భోజనానికి వెళ్ళారు. ముందుగా ఎవరు తిరిగొచ్చారు?"

"నేనేనండీ," అంది కుట్టు అక్క. యాభై దాటిన మనిషి. జడ కొసకి సూదులు గుచ్చిన గుడ్డముక్క కట్టుకుంది. కుడి అరచేతికి తడిగుడ్డ చుట్టి ఉంది. "కళ్ళజోడు మర్చిపోయి వచ్చాను. గోడ గడియారం పన్నెండు యాభై చూపిస్తోంది. గుడ్డ కాలిన వాసన తగిలింది. నేను కుట్టిన గుడ్డ కాలితే నాకు తెలీదా అమ్మా? మంటలార్పే సిలిండర్ లాక్కుని వెనక తలుపులోంచి లోపలికి దూకాను. మేస్త్రీ వార్నిష్ పాడైపోతుందని గుర్తుంది, కానీ ఏం చేయను? పొయ్యిగట్టు దాకా వెళ్ళి అక్కణ్ణించే కొట్టాను. మంట ఆరాక మళ్ళీ నా అడుగుల్లోనే అడుగులేసుకుంటూ వెనక్కి వచ్చాను."

"మళ్ళీ అవే అడుగుల్లోనా? అంత మంటలో?"

"ఆయన పొద్దుణ్ణించీ మోకాళ్ళ మీద పాకుతూ వేసిన వార్నిష్ అమ్మా. ఇంకో నాలుగు గుర్తులెందుకు?"

మేస్త్రీ మొహం పక్కకి తిప్పుకున్నాడు. 

"చూశారా మేడమ్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "లోపల ఉన్నవి ఆవిడ అడుగులు మాత్రమే. అవి కూడా మంట వచ్చాక పడ్డవి. మంట ముందు గోడ దగ్గర పుట్టింది. గాల్లో ఎగురుతూ ఎవరూ రాలేదు. ఇంక మిగిలింది కరెంటే."

"కరెంటు ఎక్కణ్ణించి వచ్చింది?"

"బ్యాటరీలోంచి."

"చూపించు."

షెడ్డు మధ్యలో ఇల్లుబండి నిలబడి ఉంది. కింద సగం ముదురాకుపచ్చ, పైన మీగడరంగు. పాత బండి అని చెబితేగాని తెలియనంత నిండుగా ఉంది. కుడివైపు మెట్టు కింద చిన్న ఇనప తలుపు. ఇన్‌స్పెక్టర్ దాన్ని లాగి తెరిచాడు.

లోపల బ్యాటరీ లేదు. అడుగున ఇనప పళ్ళెం మాత్రం నల్లరంగుతో మెరుస్తోంది. నిమిషాలమ్మ చిటికెనవేలు ఆనించి చూపించింది. వేలి కొస నల్లబడింది.

"పొద్దున తొమ్మిదింటికి రంగు వేశాను," అన్నాడు మేస్త్రీ. "బ్యాటరీ నిన్న సాయంత్రం నుంచీ ఆ మూల బల్ల మీద చార్జింగ్‌లో ఉంది. బయట కరెంటు తీగ బండికి ఇంకా కలపనే లేదు."

"ఈ మాట ఇన్‌స్పెక్టర్‌గారికి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పానండీ. 'అడిగినప్పుడు చెప్పు' అన్నారు. మళ్ళీ అడగలేదు."

షెడ్డు రేకుల మీద ఒక కాకి అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు వినబడింది. ఇన్‌స్పెక్టర్ ఇనప తలుపు నెమ్మదిగా మూశాడు. "సరే, కరెంటు కాదు. అయితే లోపలికి వెళ్ళిన మనిషి ఒక్కరే." అతని చూపు కుట్టు అక్క మీదికి మళ్ళింది.

"అయ్యో, ఆర్పేవాళ్ళనే అంటించినవాళ్ళంటే ఇంక మీకు నిప్పు కనబడితే పారిపోవడమే మేలు," అంది ఆవిడ.

నిమిషాలమ్మకి నవ్వొచ్చింది కాని ఆపుకుంది. వెనక తలుపు దగ్గర ఒంగి టార్చి వెలిగించింది. వార్నిష్ చెరువు నీళ్ళలా మెరుస్తోంది. దాని మీద ఉత్తకాళ్ళ అచ్చులు ఒకదాని మీద ఒకటి పడి పొయ్యిగట్టు దాకా వెళ్ళి ఆగిపోయాయి. అక్కణ్ణించి ముందు గోడ దాకా అయిదడుగుల నేల మీద సిలిండర్ పొడి పల్చగా రాలి ఉంది, అంతే. ఒక్క గుర్తు కూడా లేదు. గోడకి వేలాడుతున్న కర్టెన్ పైసగం బూడిదై, కింద సగం చెక్కుచెదరకుండా ఉంది.

"నిప్పు కింద పుడితే పైకి పాకుతుంది. ఇది నడుము ఎత్తున పుట్టింది," అని నిలబడింది. "ముందు గోడకి అవతల ఏముంది?"

"డ్రైవర్ క్యాబిన్. దానికి వేరే తలుపు. తాళం వేసి ఉంది," అన్నాడు డైరెక్టర్. "అటు నుంచి ఇటు రావడానికి దారి లేదు."

మేస్త్రీ, కుట్టు అక్క ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిమిషాలమ్మ వేలెత్తి ఇద్దరినీ ఆపింది. "ఇక్కడ వద్దు. నాకు ఒక్కదానికే చెప్పండి."

ఇద్దరూ ఆమె చెవిలో చెప్పింది విని, క్యాబిన్ తాళం చెవి తెప్పించింది. ఆఫీసు గోడకి మేకు, మేకు పక్కన పుస్తకం. చెవి ఎవరు తీసుకెళ్ళినా అందులో రాయాలి. ఆ రోజు ఒక్కటే పద్దు ఉంది. పన్నెండు ఇరవైకి తీసుకెళ్ళారు, ఒకటిన్నరకి తిరిగిచ్చారు. ఎదురుగా సాగదీసిన సంతకం.

ఆ సంతకం చూసి ఇన్‌స్పెక్టర్ పుస్తకం మూసేయబోయాడు. నిమిషాలమ్మ మధ్యలో వేలు పెట్టింది.

"మేడమ్, ఆయన ఎవరో తెలుసా మీకు?"

"పెద్దాయన మనవడు."

ఊరంతా ఆయన్ని మనవడనే అంటుంది. యాభై నాలుగేళ్ళొచ్చినా మాట మొదలుపెడితే 'మా తాతగారు' అనే మొదలుపెడతాడు. ఇల్లుబండిని మ్యూజియానికి ఇచ్చింది ఆయనే. తాతగారు ఈ బండిని ఎలా గీశాడో ఆయన రాసిన పుస్తకం ప్రదర్శన రోజే విడుదల కావాలి.

"తన బండికి తనే నిప్పు పెట్టుకుంటాడా? మీకు వయసు మీద పడింది మేడమ్."

"పడింది. నీ మీద మాత్రం పెద్దవాళ్ళ భయం పడింది. దానికంటే వయసే నయం. పద, క్యాబిన్ చూద్దాం. నేనొక్కదాన్నే చూస్తే తర్వాత నువ్వు నమ్మవు."

డ్రైవర్ సీటు వెనక, కూచున్న మనిషి తల ఎత్తుకి కొంచెం కింద, గోడలో ఒక చిన్న జారుడు కిటికీ ఉంది. నడిచే బండిలో లోపలి నుంచి డ్రైవర్‌కి టీ గ్లాసు అందించడానికి కట్టింది. ఎప్పుడో రంగు మీద రంగు పూసి అది గోడలో కలిసిపోయింది. అక్కడొక కిటికీ ఉందని డైరెక్టర్‌కే తెలియదు. ఆ ఉదయం పదింటికి మేస్త్రీ రంగు అతుకు గీకి దాన్ని కదిలేలా చేశాడు. పదిన్నరకి కుట్టు అక్క చట్రం అంచులకి మీగడరంగు పెయింట్ వేసింది. వాళ్ళిద్దరూ నిమిషాలమ్మ చెవిలో చెప్పింది ఇదే.

ఆమె కిటికీని గోరుతో జరిపింది. లోపలి గది కనబడింది. టార్చి కిందికి తిప్పింది.

"ఇలా రా. గోడ మొదట్లో చూడు."

ఇన్‌స్పెక్టర్ సీటు మీద మోకాలు పెట్టి వంగాడు. గోడని ఆనుకుని, వార్నిష్‌లో సగం మునిగి, ఒక కాలిన అగ్గిపుల్ల.

"అడుగులు లేని అయిదడుగుల్లో ఉంది," అంది నిమిషాలమ్మ. "పదకొండుంపావు తర్వాత పడింది, లేకపోతే మునగదు. పై నుంచి పడింది, లేకపోతే అక్కడికి రాదు. ఇప్పుడు కిటికీ కింది అంచు చూడు."

మీగడరంగు పెయింట్ ఒకచోట అరచేతి వెడల్పున చెదిరింది. చెదిరినచోట సన్నటి గళ్ళు అచ్చుపడి ఉన్నాయి. గుడ్డ నేత అచ్చు.

 ఇన్‌స్పెక్టర్ కిందికి దిగాడు. "చెయ్యి పెట్టినవాడి చొక్కా చేతికి ఈ పెయింట్ అంటి ఉండాలి."

"ఆ మాట నువ్వన్నావు, నేను కాదు. నేర్పింది మర్చిపోలేదన్నమాట."

మనవణ్ణి రెండు యాభైకి షెడ్డుకి పిలిపించారు. తెల్లచొక్కా, మెడలో సన్నటి పట్టు రుమాలు, చేతిలో పుస్తకం అచ్చు కాగితాలు. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి ఉన్నాయి.

"ఏమిటండీ ఈ ఘోరం! మా తాతగారి ప్రాణం ఆ బండి. ఎవరి నిర్లక్ష్యమో తేలిందా?"

"పన్నెండు ఇరవైకి క్యాబిన్ చెవి తీసుకున్నారు," అంది నిమిషాలమ్మ.

"స్టీరింగ్ ఫోటో తీద్దామని. ఇంతలో ఫోనొచ్చింది. లైబ్రరీకి వెళ్ళిపోయాను. చెవి జేబులోనే ఉండిపోయింది. క్యాబిన్ తలుపు తీయనే లేదు."

"లైబ్రరీకి ఎన్నింటికి చేరారు?"

"ఒంటిగంటకి. అక్కడున్నావిణ్ణి అడగండి."

"ఇక్కణ్ణించి లైబ్రరీకి నడక ఎంతసేపు?"

"ఏమో. మూడు నాలుగు నిమిషాలు."

"అంటే ముప్ఫై ఆరు నిమిషాలైనా మిగిలాయి."

"తోటలో ఫోన్ మాట్లాడుతున్నాను! నన్ను అనుమానిస్తున్నారా?"

"అబ్బే. మాకు తెలిసింది ఇంతే. ఎవరో క్యాబిన్ వైపు నుంచి కర్టెన్‌కి నిప్పు పెట్టారు."

మనవడు ఫక్కున నవ్వాడు. "క్యాబిన్ వైపు నుంచా? టీ గ్లాసు దూరే కంతలోంచి చెయ్యి పెట్టి మరీ అంటించారా? కథలు బాగా అల్లుతారే!"

 కుట్టు అక్క తడిగుడ్డ చుట్టిన చేత్తో నోరు మూసుకుంది.

"ఏ కంత?" అని మెల్లగా అడిగింది నిమిషాలమ్మ.

"అదే... సీటు వెనకది."

"మీ చేతిలో ఉన్న పుస్తకంలో, డ్రైవర్‌కీ గదికీ మధ్య దారే లేకుండా మా తాతగారు గోడ కట్టారు అని మీరే రాశారట. డైరెక్టర్‌గారు చెప్పారు. నిన్నటిదాకా అది గోడే. ఇవాళ పదింటికి మేస్త్రీగారు తెరిచారు. ఆయనకీ అక్కకీ తప్ప ఆ కిటికీ సంగతి ఈ లోకంలో ఎవరికీ తెలీదు. గదిలోంచి చూస్తే పలకలో కలిసిపోయే ఉంటుంది, క్యాబిన్‌లో కూచుంటే తప్ప కనబడదు. మీరేమో క్యాబిన్ తలుపే తీయలేదు."

మనవడి ఎడమ చెయ్యి తనకి తెలియకుండానే కుడి మోచేతి మడతని పట్టుకుంది.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది సార్," అంది కుట్టు అక్క.

ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చాడు. "ఆ మడత విప్పండి."

"నేనెవరో తెలుసా నీకు?"

అంతకుముందు ఇన్‌స్పెక్టరే అన్న మాట అది. ఇప్పుడు ఎదుటివాడి నోట విని మొహం చిట్లించాడు. "తెలుసండీ. మనవడుగారు. విప్పండి."

మనవడు మడత విప్పాడు. మణికట్టు దగ్గర, తెల్లచొక్కా మీద, వేలెడంత మీగడరంగు చార. ఇంకా పూర్తిగా ఆరలేదు.

డైరెక్టర్ కుర్చీలో కూలబడ్డాడు. "ఎందుకండీ? మీ బండే కదా!"

 నిమిషాలమ్మ గడియారం చూసుకుంది. "డైరెక్టర్‌గారూ, ఇవాళ మూడింటికి ఆ ముందు గోడకి ఏదో చేయాలని నిన్న సాయంత్రం అనుకున్నారట?"

"అవును. లోపలి పలక విప్పి అద్దం బిగించమన్నాను. గోడ లోపల చెక్క ఎముకలు ఎలా కట్టారో జనం చూడాలని. మనవడుగారు కూడా ఉన్నారు అప్పుడు. వద్దని చాలా పట్టుబట్టారు."

"మూడైంది. విప్పండి మేస్త్రీగారూ."

వార్నిష్ మీద స్టూళ్ళు పెట్టక్కర్లేకుండా వెనక తలుపు నుంచి పొయ్యిగట్టు మీదికి, అక్కణ్ణించి పరుపు చట్రం మీదికి పొడవాటి చెక్క వేసుకుని మేస్త్రీ ముందు గోడ దాకా పాకాడు. కాలిన కర్టెన్ పక్కకి తీశాడు. పలక మీద మసి పట్టింది కాని చెక్క బాగానే ఉంది. ఆయన స్క్రూడ్రైవర్ ఎత్తి, అలాగే ఆగిపోయాడు.

"ఇది నేను బిగించింది కాదు."

"ఎలా చెప్తారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గర్నుంచి.

"స్క్రూ తల మీద గాడి ఉంటుంది కదండీ. ఈ పలక నేనెప్పుడూ విప్పలేదు, స్క్రూలు మాత్రం ఒక్కొక్కటీ బయటి నుంచి బిగించాను. నేను బిగిస్తే అన్ని గాళ్ళూ నిలువుగా ఒకే దిక్కు చూస్తాయి. ఈ బండిలో తొమ్మిది వందల చిల్లర స్క్రూలున్నాయి, లెక్కపెట్టుకోండి. ఇవి పన్నెండూ పన్నెండు దిక్కులు చూస్తున్నాయి. నా తర్వాత ఎవరో విప్పి బిగించారు."

"మూడు వారాల కిందట," అంది కుట్టు అక్క ఒక్కసారిగా. "మేం భోజనానికెళ్ళినప్పుడు ఫోటోలని మనవడుగారొక్కరే లోపలున్నారు. ఆ తర్వాతే ఈ గోడని ముట్టుకోవద్దని దుప్పటి కప్పించారు. ఇవాళ కర్టెన్ వేయాలని నేనే తీశాను."

పన్నెండు స్క్రూలూ ఊడాయి. మేస్త్రీ పలకని రెండు చేతులా పట్టుకుని చెక్క మీదుగా వెనక్కి వచ్చి, షెడ్డు బల్ల మీద బోర్లించాడు.

వెనకవైపు అంతా పెన్సిల్ గీతలు. ఇల్లుబండి మొత్తం అక్కడుంది. మడత పరుపుల కీలు, తొట్టి కింద గొట్టం వంపు, పైకప్పు వంగిన తీరు, టీ గ్లాసు కిటికీ. ప్రతి గీత పక్కనా కొలత. పొయ్యిగట్టు ఎత్తు దగ్గర మొదట రాసిన అంకె కొట్టేసి, మూడంగుళాలు తగ్గించి, పక్కన ఇలా రాసి ఉంది: 'మగవాళ్ళ ఎత్తుకి కడితే వండేవాళ్ళ భుజాలు పోతాయి.'

 మేస్త్రీ వేలు ఆ అక్షరాల మీద ఆనకుండా, కొంచెం ఎత్తులో, గీత వెంట వెళ్ళింది.

"ఎవరిది?" అంది నిమిషాలమ్మ.

"మా మేనత్తది. నాకు రంపం పట్టుకోవడం నేర్పిన మనిషి."  "పెద్దాయన ఫ్యాక్టరీ హాజరు పుస్తకంలో ఆవిడ వంటమనిషి. పన్నెండేళ్ళు అలాగే ఉంది. ఇల్లుబండి నేనే గీశాను రా అని మా ఇంట్లో చెప్పేది. మేం నమ్మాం. బయట చెబితే నవ్వారు. రుజువు లేని గొప్ప గొప్ప కాదని నేనూ నోరు మూసుకున్నాను. ఈ బండి బాగుచేయాలని తెలిసినప్పుడు మాత్రం అడిగి మరీ వచ్చాను. ఆవిడ చేతిపని ఇంకొకడి చేతిలో పడకూడదని."

"అవి మా తాతగారు చెబుతుంటే ఎవరో రాసుకున్నవి!" మనవడు అరిచాడు.  "సంతకం ఉందా? పేరుందా? పనివాళ్ళు రాసుకోరూ? మీకేం తెలుసు? నా మొహం చూసి నన్నెవరూ ఒక్క సభకి పిలవలేదు. ఆయన మనవణ్ణని పిలిచారు. ఆ ఒక్కటీ పోతే ఇంక నాకేముంది?" రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "పేరంటూ ఉంటే దీని పై పలక మీద ఉండాలి. చెదపరీక్షకని మేస్త్రీని అడిగి దాన్ని పట్టుకెళ్ళాను. మూడు వారాల కిందటే కాలిపోయింది. పెట్టుకోండి, కేసు పెట్టుకోండి. బండి మాత్రం మా తాతగారిదే!"

 డైరెక్టర్ తల దించుకున్నాడు. 

మేస్త్రీ పలక అంచున ఉన్న మసిని గుడ్డతో తుడుస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఆ పలకకి వెనక గుడ్డ అంటించి ఉందా సార్?"

"గుడ్డా? లేదు. ఉత్త చెక్క."

"అయితే మీరు కాల్చింది అది కాదు."

మేస్త్రీ మసిగుడ్డని బల్ల మీద పెట్టాడు.

"చీటీ లేకుండా అడిగారు మీరు. పాత బండిలో ఊడిన ముక్క ఏదైనా సరే షెడ్డు దాటకూడదు. కుళ్ళిందైనా, విరిగిందైనా. అది నా పద్ధతి. పెద్దవారు, కాదనలేకపోయాను. అందుకని సామాను పెట్టె మూత ఒకటి అదే కొలతకి కోసి ఇచ్చాను. పాత చెక్కకీ పాత చెక్కకీ తేడా మాకు తప్ప ఎవరికి తెలుస్తుంది?" మేస్త్రీ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "అబద్ధమాడాను సార్. కాగితం తెండి, దీని మీద సంతకం పెడతాను."

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

షెడ్డు వెనక గోడ పొడుగునా అరలు. పాత ముక్కలన్నీ వాటిలో అంకెలు కట్టుకుని వరసగా ఉన్నాయి. మేస్త్రీ నూట పధ్నాలుగు అంకె ఉన్న పలక దించాడు. ఒక అంచు కుళ్ళింది. వెనకవైపు గట్టి గుడ్డ, జిగురుతో రాయిలా అతుక్కుని ఉంది. ఇప్పటిదాకా ఎందుకు తీయలేదని నిమిషాలమ్మ అడిగితే, "తొందరపడి లాగితే చెక్క పొర లేచిపోతుందండీ. ఆవిరి పట్టి తీయాలి. తీరిక చిక్కలేదు," అన్నాడు.

కుట్టు అక్క కెటిల్ పెట్టింది. ముక్కులోంచి వచ్చే ఆవిరి మీద మేస్త్రీ పలకని అంగుళం అంగుళం జరుపుతుంటే, ఆవిడ కాలని చేతి గోళ్ళతో గుడ్డని దారం దారంగా లేపింది. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. నిమిషాలమ్మ లెక్కపెట్టింది. గుడ్డ మొత్తం ఊడి వచ్చాక ఎవరూ ముందుకి రాలేదు. మేస్త్రీ కళ్ళజోడు కోసం జేబులు తడుముకున్నాడు.  ఇన్‌స్పెక్టరే ఒంగి, కోర్టులో చదివినట్టు పైకి చదివాడు.

"'కొలతల్లో అనుమానం వస్తే నన్నడగండి. పెద్దాయన్ని కాదు. వంటగదిలో ఉంటాను.'"

కుట్టు అక్క పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఇంకా ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కింద సిరాతో. వేరే చేతిరాత. కింద సంతకం, తేదీ." అతను చదవలేదు. మనవడి వైపు చూశాడు. "ఈ చేతిరాత మీకు తెలిసి ఉండాలి. ఎవరిదో మీరే చెప్పండి."

మనవడు బల్ల దగ్గరికి వచ్చాడు. మొదటి మాట దగ్గరే మొహం పాలిపోయింది. పుస్తకం కోసం ఏళ్ళ తరబడి ఆ రాతలోని ప్రతి కొక్కెం ఆయన చూసి ఉన్నాడు. పొరపడే అవకాశం లేదు.

"మా... తాతగారిది."

"చదవండి."

మనవడు పలక మీదికి వంగాడు. "'ఆమె చెప్పింది నిజం. ఈ బండి గీసిందీ, కోసిందీ, బిగించిందీ ఆమే. నేను పక్కన నిలబడి చూశాను. నా జన్మలో నేను గర్వపడ్డ పని అదొక్కటే. మా ఇంట్లో ఎవరైనా దీన్ని నాదంటే...'"

ఆగిపోయాడు. మిగతా సగం వాక్యం నిమిషాలమ్మ చదివింది.

"'...వాళ్ళకి ఈ పలక చూపించండి.'"

మనవడు పలక కోసం చెయ్యి చాచాడు. ఇన్‌స్పెక్టర్ చప్పున అడ్డం వచ్చాడు. మేస్త్రీ అతన్ని పక్కకి జరగమని సైగ చేశాడు. భుజం మీది శుభ్రమైన గుడ్డ తీసి మనవడి ముందు పెట్టాడు.

"చూడండి సార్. మీ తాతగారు మీకే రాశారు. చేతులు తుడుచుకుని పట్టుకోండి, అంతే. అది మా అత్త పని."